అక్టోబరులో ఫ్రాన్సు బడులకు వెళ్లే భాషా సహాయకులు తీసుకోవలసిన జాగ్రత్తలు

చెన్నైలో ఫ్రెంచి నేర్చుకుని, ఫ్రాన్సులోని ప్రభుత్వ పాఠశాలలకు ఇంగ్లీషు భాషా సహాయకులుగా వెళ్లే మన పిల్లలు సాధారణంగా సెప్టెంబరు చివరి వారంలో విమానం ఎక్కుతారు. అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు ఒప్పందం, వారానికి 12 గంటల పని, చేతికి నెలకు సుమారు 800 యూరోలు. పాఠం ఎలా చెప్పాలా అని అందరూ ఆలోచిస్తారు గానీ, నేనూ అలా వెళ్లినప్పుడు ఆ ఏడు నెలల్లో పడిన ఇబ్బందులన్నీ తరగతి బయటివే. వాటిలో సగం ఇక్కడ ఉండగానే సరిచేసుకోదగినవి.

అన్నిటికన్నా ముందు పేరు చూసుకోండి. తరతరాలుగా చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇంటిపేరు శుభలేఖ మీద తప్ప మరెక్కడా కనబడదు. బడి సర్టిఫికెట్టులో తండ్రి పేరు ఒక్క ఇనీషియల్‌గా ఉంటుంది, పాస్‌పోర్టులో దాన్నే విప్పి రాయిస్తారు, జనన ధ్రువపత్రంలోనైతే పేరే లేకుండా ‘ఆడ శిశువు’ అని ఉండిపోయినవారూ ఉన్నారు. ఫ్రాన్సులో ప్రతి దరఖాస్తులోనూ ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి ఉంటాయి. నా ఒప్పందంలో నాన్నగారి పేరు ఇంటిపేరుగానూ, బ్యాంకు ఖాతాలో నా పేరే ఇంటిపేరుగానూ పడడంతో మొదటి జీతం నవంబరు చివరిదాకా రాలేదు. కాబట్టి జనన ధ్రువపత్రంలో పేరు చేర్పించి, దానికి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర) వేయించుకుని, అక్కడి సాంఘిక బీమా సంఖ్య కోసం ఫ్రెంచి అనువాదం కూడా సిద్ధం చేసుకోండి. ఏ కాగితమైనా పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే నింపండి. రెండు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా ఉంచుకోండి, ఎందుకంటే మంచం, బల్ల లాంటి సామానుతో అద్దెకిచ్చే గదికి రెండు నెలల అద్దె వరకు డిపాజిట్ అడిగే హక్కు యజమానికి ఉంది. గది చూడకుండా మాత్రం ఎవరికీ డబ్బు పంపవద్దు. దిగిన మూడు నెలల్లోగా దీర్ఘకాల వీసాను ఆన్‌లైన్‌లో ధ్రువీకరించుకోవడం మరవకండి.

సామాను సర్దేటప్పుడు అమ్మ ఎంత బతిమాలినా నెయ్యి సీసా, పాలకోవా పెట్టుకోవద్దు. మాంసం, పాల పదార్థాలను బయటి దేశాల ప్రయాణికులు ఐరోపా సమాఖ్యలోకి తేకూడదు. కందిపొడి చాలు. శాకాహారులు బడి భోజనశాలలో చేపా మాంసమూ వద్దని రెండూ విడివిడిగా చెప్పాలి, కూరగాయల సూపులోనూ పంది మాంసపు ముక్కలు ఉండవచ్చు.

ఇక పలకరింపు. మొదటివారం బేకరీలో నేను నేరుగా, మర్యాదగానే, ‘ఒక బాగెట్ ఇవ్వండి’ అన్నాను. కౌంటరు వెనక ఆవిడ కదలలేదు. నా కళ్లలోకి చూసి, నిదానంగా ‘బోంజూర్, మదాం’ అని, నేను తిరిగి అనేదాకా ఆగి, అప్పుడు రొట్టె అందుకుంది. మన దగ్గర ‘అన్నా, అర లీటరు పాలు’ అంటే ఆ ‘అన్నా’లోనే పలకరింపు ఉంది. వాళ్ల భాషలో ఆ పని బోంజూర్ చేస్తుంది, అది లేకపోతే అడిగినది ఎంత మెత్తగా అడిగినా మొరటుగానే వినబడుతుంది. బస్సు డ్రైవరుకూ, ఉపాధ్యాయుల గదిలో ఉన్నవాళ్లకూ చెప్పండి. తోటి ఉపాధ్యాయులు తామే ‘నువ్వు’ అనేదాకా ‘మీరు’ అనే పిలవండి.

బొట్టు, విభూతి, సిలువ, తలమీది వస్త్రం విషయం బయలుదేరకముందే మీ బాధ్యత చూసే ఉపాధ్యాయుణ్ణి అడగండి. ప్రభుత్వ బడుల్లో విద్యార్థులు మతచిహ్నాలు ప్రస్ఫుటంగా ధరించడాన్ని 2004 నాటి చట్టం నిషేధించింది, సిబ్బందికి మత తటస్థత నియమం ఇంకా గట్టిది. ఇది మిమ్మల్ని ఉద్దేశించినది కాదు గనుక మనసు కష్టపెట్టుకోవద్దు. తల్లిదండ్రుల అనుమతి లేనిదే పిల్లల ఫోటోలు తీయకండి.

చలికి కోటు అక్కడే కొనుక్కోవచ్చు, నాకు చీకటే ఎక్కువ బరువనిపించింది. డిసెంబరు మధ్యలో పారిస్‌లో ఉదయం ఎనిమిదిన్నర దాటాకగానీ సూర్యుడు రాడు, సాయంత్రం ఐదు కాకముందే అస్తమిస్తాడు. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరిగి, మనకూ వాళ్లకూ మూడున్నర గంటల తేడా నాలుగున్నర అవుతుంది. అక్కడ రాత్రి ఎనిమిదికి అమ్మతో మాట్లాడదామంటే ఇక్కడ అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. మధ్యాహ్న భోజన విరామంలో పన్నెండున్నరకు ఫోన్ చేయండి, అప్పుడు చెన్నైలో సాయంత్రం ఐదు, ఇంట్లో కాఫీ వేళ. ఆ మాటలేవో గదిలో కాకుండా, ఎండ ఉన్న బెంచీ చూసుకుని ఆరుబయట కూర్చుని మాట్లాడండి.