ఆస్టిన్‌లో సీడర్ ఫీవర్: పరీక్ష, మందు రెండూ ఇంటి నుంచే

టెక్సస్‌లోని ఆస్టిన్‌కి వచ్చిన మొదటి రెండు మూడేళ్లు చాలామందికి ఏమీ అవ్వదు. జనవరిలో ఆఫీసులో అందరూ ముక్కులు చీదుకుంటుంటే, మనవి హైదరాబాద్ దుమ్ములో ఆరితేరిన ముక్కులు, మనకేం కాదులే అని ధీమాగా ఉంటాం. తర్వాత ఏదో ఒక డిసెంబర్‌లో సీడర్ ఫీవర్, అంటే ఇక్కడి ఒక చెట్టు పుప్పొడి ఎలర్జీ, మొదలవుతుంది. ఆగకుండా తుమ్ములు, కళ్లు, అంగిలి ఒకటే దురద, తలంతా దిమ్ముగా ఉండి మీటింగ్‌లో ఎవరేం మాట్లాడుతున్నారో బుర్రకెక్కదు. ఒంటికి ఒక పుప్పొడి పడకుండా పోవడానికి కొన్ని సీజన్లు పడుతుంది, అందుకే ఇంత ఆలస్యంగా బయటపడుతుంది.

దీనికి కారణం ఇక్కడివాళ్లు మౌంటెన్ సీడర్ అనే ఆష్ జునిపర్ చెట్టు. ఆస్టిన్ పక్కనుండే కొండప్రాంతం హిల్ కంట్రీ నిండా ఇదే. మగచెట్లు డిసెంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి దాకా పుప్పొడి వదులుతాయి. చలిగాలి వచ్చి వెళ్లాక ఎండ కాసి, పొడిగాలి వీచే రోజుల్లో మరీ ఎక్కువ. చెట్ల మీంచి పొగలా లేస్తుంది, నిజంగానే పొగ అనుకుని ఫైర్ వాళ్లకి ఫోన్ చేసినవాళ్లున్నారు.

మీకు వచ్చింది ఇదేనా కాదా అని తేల్చుకోవడానికి ముందు డబ్బులేం పెట్టక్కర్లేదు. ఫోన్‌లో ఒక నోట్ తెరిచి రోజూ రాత్రి ఒక్క లైను రాయండి: ముక్కు, కళ్లు ఎలా ఉన్నాయో సున్నా నుంచి మూడు దాకా ఒక అంకె, ఆ రోజు బయట ఎంతసేపు తిరిగారు, లోకల్ టీవీ ఛానెల్ వాతావరణంతో పాటు చెప్పే సీడర్ కౌంట్ (గాలిలో ఉన్న సీడర్ పుప్పొడి లెక్క) ఎంత. రెండు మూడు వారాల్లో కౌంట్ పెరిగిన రోజున మీ అంకె కూడా పెరుగుతోందో లేదో కనిపిస్తుంది. మనవాళ్లకి ఇంకో పరీక్ష కూడా ఉంది, అది ఇండియా ట్రిప్. డిసెంబర్ చివర్లో వెళ్లి సంక్రాంతి చూసుకుని వస్తారు కదా, అక్కడున్నన్నాళ్లూ హాయిగా ఉండి ఇక్కడ దిగిన రెండు రోజులకే తుమ్ములు మొదలైతే అనుమానం చాలావరకు తీరినట్టే. అలాకాక ఏడాది పొడవునా, అదీ పొద్దున్న పక్క మీద ఉన్నప్పుడే ఎక్కువగా ఉంటే సీడర్ కంటే పరుపులోని డస్ట్ మైట్స్‌ని (దుమ్ములో ఉండే, కంటికి కనపడని పురుగులు) అనుమానించాలి. మార్చి, ఏప్రిల్‌లో కార్ల మీద పచ్చటి పొడి పడే రోజుల్లో వస్తే ఓక్ చెట్ల పుప్పొడి. ఆగస్టు చివర్లో మొదలై నవంబర్ దాకా లాగితే రాగ్‌వీడ్ అనే కలుపుమొక్క కావచ్చు.

పేరులో ఫీవర్ ఉన్నా దీనికి జ్వరం కాయదు. థర్మామీటర్ పెట్టి చూసినప్పుడు 101 దాటి ఉంటే, ఒళ్లునొప్పులుంటే అది ఫ్లూనో కోవిడో, దాని టెస్టు చేసుకోండి.

ఇక ఆన్‌లైన్‌లో దొరికే హోమ్ కిట్లు. వేలికి సూది గుచ్చి కొన్ని రక్తపు చుక్కలు పోస్టులో పంపితే ల్యాబ్‌లో ఐజీఈ, అంటే ఎలర్జీకి సంబంధించిన యాంటీబాడీ, చూస్తారు. కొనే ముందు రెండు విషయాలు చూడండి. ఒకటి, వాళ్ల లిస్టులో మౌంటెన్ సీడర్ ఉందా లేదా. దేశం మొత్తానికీ కలిపి చేసిన ప్యానెల్‌లో మన ఊరి చెట్టు ఉండాలని రూలేం లేదు. రెండు, కొలిచేది ఐజీఈనా, ఐజీజీ అనే వేరే యాంటీబాడీనా. ఐజీజీతోనో, వెంట్రుకలతోనో 'సెన్సిటివిటీ' తేలుస్తామనే వాటిమీద ఒక్క డాలరు కూడా పెట్టకండి, వాటితో ఎలర్జీ తెలియదు. ఐజీఈ పాజిటివ్ వచ్చినా లక్షణాలు లేకపోతే దాన్ని ఎలర్జీ అనరు. పది రకాలు పాజిటివ్ అని రిపోర్టు చూసి టెన్షన్ పడేవాళ్లకి ఈ మాట. మీ నోట్‌తో కలిసిందే లెక్క. అసలు ఇన్సూరెన్స్ ఉంటే మీ డాక్టర్‌ని వీడియో విజిట్‌లో అడిగి ఇదే రక్తపరీక్ష రాయించుకోవడం మేలు. దీనికి ఎలర్జీ మాత్రలు ఆపక్కర్లేదు.

మందుల దగ్గర దాదాపు అందరూ వరస తప్పుతారు. తుమ్ములు మొదలయ్యాక ఒక మాత్ర, తగ్గకపోతే ఇంకో మాత్ర. ముక్కు దిబ్బడకి బాగా పనిచేసేది స్టెరాయిడ్ స్ప్రే: ఫ్లోనేజ్, నేసాకార్ట్, లేదా కాస్ట్‌కోలో చవగ్గా దొరికే ఎలర్-ఫ్లో. చీటీ అక్కర్లేదు. కానీ పూర్తిగా పనిచేయడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది కాబట్టి థాంక్స్‌గివింగ్ అయిపోగానే మొదలుపెట్టి, ఫిబ్రవరి దాకా రోజూ కొట్టాలి. ఎలా కొడుతున్నామన్నదీ ముఖ్యమే. తల కొంచెం ముందుకి వంచి, కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో, మొన చెవి వైపు తిప్పి కొట్టాలి. మధ్యగోడకి తగిలేలా కొడితే నెత్తురు వస్తుంది. గట్టిగా పీలిస్తే మందంతా గొంతులోకి పోతుంది. స్టెరాయిడ్ అనగానే అమ్మ ఫోన్‌లో కంగారు పడుతుంది గానీ, ఇది ముక్కులోనే పనిచేసే మందు, ఒంట్లోకి చేరేది చాలా తక్కువ. గ్లకోమా ఉంటే మాత్రం డాక్టర్‌ని అడిగి వాడాలి.

తుమ్ములకి, దురదకి మాత్ర: జిర్టెక్, క్లారిటిన్, అలెగ్రా, ఏదో ఒక్కటే. జిర్టెక్‌తో కొందరికి మగతగా ఉంటుంది. అలెగ్రాని జ్యూస్‌తో వేసుకోవద్దు, నీళ్లతోనే. కళ్లకి కీటోటిఫెన్ లేదా పాటాడే చుక్కలు. ఆఫ్రిన్, ఇండియా నుంచి వచ్చే ఓట్రివిన్ లాంటివి మూడు రోజులకి మించి వాడితే ముక్కు ఇంకా బిగుసుకుపోతుంది. కౌంటర్ ముందు దొరికే ఫినైల్‌ఎఫ్రిన్ మాత్రలు ముక్కు దిబ్బడకి పనిచేయవని 2023లో ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ) నిపుణుల కమిటీయే తేల్చింది.

సూట్‌కేసులో వచ్చే స్ట్రిప్పుల సంగతి కూడా చెప్పాలి. మాంటెయిర్-ఎల్‌సీ ప్రతి తెలుగింట్లో ఉంటుంది. అందులోని లీవోసిట్రిజిన్, జిర్టెక్‌లోని మందూ ఒక్క జాతివే, రెండూ కలిపి వేసుకుంటే డబుల్ డోసు. అందులో ఉండే రెండో మందు మాంటెలుకాస్ట్ వల్ల నిద్ర, మూడ్, ఆత్మహత్య ఆలోచనల సమస్యలు రావచ్చని 2020లో ఎఫ్‌డీఏ దాని మీద అన్నిటికంటే పెద్ద హెచ్చరిక పెట్టించింది. డాక్టర్ రాయకుండా, ముఖ్యంగా పిల్లలకి, అది వేయకండి.

జలనేతి, అంటే ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం, బాగా పనిచేస్తుంది, స్ప్రేకి ముందు చేస్తే ఇంకా మంచిది. కానీ కుళాయి నీళ్లతో చేయనే చేయకండి. అరుదే అయినా మెదడుకి ఎక్కే అమీబా ఉంటుంది, అది ఎక్కితే బతికేవాళ్లు చాలా తక్కువ. హెచ్-ఈ-బీ సూపర్‌మార్కెట్‌లో దొరికే డిస్టిల్డ్ వాటర్ గానీ, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం మరగనిచ్చి చల్లార్చిన నీళ్లు గానీ వాడాలి. లోకల్ తేనె తింటే తగ్గుతుందని ఇక్కడ అందరూ చెప్తారు. సీడర్ పుప్పొడి గాలికి ఎగిరేది, తేనెటీగలు పోగేసేది పూలది. టోస్ట్ మీద వేసుకుని తినండి, అంతవరకే.

ఇంట్లో కిటికీలు మూసి ఉంచండి, ఏసీకి మెర్వ్ (ఫిల్టర్ ఎంత సన్నటి దుమ్ముని ఆపుతుందో చెప్పే అంకె) 11 నుంచి 13 దాకా ఏది సరిపడితే ఆ ఫిల్టర్ వేయండి. బట్టలు బాల్కనీలో ఆరేయకండి. రాత్రి తలస్నానం చేసి పడుకోండి, లేకపోతే జుట్టులో ఉన్నదంతా దిండుకే.

పిల్లికూతలు, ఆయాసం, ఛాతీ బిగుసుకుపోవడం ఉంటే ఇంటి వైద్యం అక్కడితో ఆపి డాక్టర్ దగ్గరకి వెళ్లాలి. స్ప్రే నెల రోజులు సరిగ్గా వాడినా తగ్గకపోతే ఎలర్జిస్ట్ దగ్గరకి. అక్కడ చర్మం మీద చేసే టెస్టుకి మాత్రం ఓ వారం ముందు నుంచి మాత్రలు ఆపాలి, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. గడ్డికి, రాగ్‌వీడ్‌కి నాలుక కింద పెట్టుకునే మాత్రలకి ఎఫ్‌డీఏ అనుమతి ఉంది, సీడర్‌కి అలాంటిది లేదు, ఇంజక్షన్లే. మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది, మొదట్లో దాదాపు వారం వారం వెళ్లాలి, వేసిన ప్రతిసారీ అరగంట క్లినిక్‌లోనే కూర్చోబెడతారు. ఇంకో ఏడాదిలో వేరే రాష్ట్రానికి ఉద్యోగం మారే ఆలోచన ఉంటే మొదలుపెట్టే ముందే ఆ మాట వాళ్లకి చెప్పండి.