అక్క గౌను చెల్లికి ఇచ్చేముందు

మేం ముగ్గురం అక్కచెల్లెళ్ళం, నేను నడిమిదాన్ని. తెనాలిలో ఒక పెద్ద ఇంటి వెనకవైపు రెండు గదుల వాటాలో పెరిగాం, నాన్న రైసుమిల్లులో గుమస్తా, అమ్మ ఇంట్లోనే మిషను కుట్టేది. మొన్న మా వీధిలో ఇద్దరాడపిల్లల తల్లి ఒకామె అడిగింది, "ఒకదానికి కొంటే ఇంకోదానికి ఏడుపు, ఇద్దరికీ కొనాలంటే డబ్బుల్లేవు, మీ అమ్మ ముగ్గురితో ఎలా నెట్టుకొచ్చిందండీ?" అని. ఆమెకు చెప్పిన మాటలే ఇంకొంచెం వివరంగా రాస్తున్నా.

బట్టలతో మొదలుపెడతాను, ఎందుకంటే గొడవలన్నీ అక్కడే పుడతాయి. అక్కవి చెల్లికి వేయడంలో తప్పేమీ లేదు, కానీ ముగ్గురుంటే ఒక విషయం గమనించండి. పెద్దదానికి కొత్తవి వస్తాయి. అవి రెండోదాని ఒంటిమీద చిరిగిపోతాయి కాబట్టి మూడోదానికి మళ్ళీ కొత్తవే కొనాల్సి వస్తుంది. అంటే ఏళ్ళ తరబడి పాతవి కట్టేది నడిమిది ఒక్కతే, ఇది ఎవరూ కావాలని చేసేది కాదు గనక ఎవరికీ కనపడదు కూడా. మా అమ్మకి కనపడింది. నాకు ఏడేళ్ళప్పుడు అనుకుంటా, ఆ సంక్రాంతికి కొత్త గుడ్డ నా ఒక్కదానికే తీసింది. అప్పట్నుంచి పండక్కొకరికి వంతు, ఈసారి ఎవరిదో ముందే ముగ్గురికీ చెప్పేసేది. వంతు ముందే తెలిస్తే పిల్లలు ఎదురుచూస్తారు గానీ ఏడవరు.

కుట్టించేటప్పుడు కూడా చెల్లిని దృష్టిలో పెట్టుకోండి. పావడాకి పిల్ల ఎత్తు కంటే ఆరంగుళాలు పొడుగు ఎక్కువ తీసుకుని, కింద అంచు దగ్గర లోపలివైపు అంగుళం వెడల్పున మూడు మడతలు వేయించండి, ఒక్కో మడతలో రెండంగుళాల గుడ్డ దాగుతుంది. ఏడాదికొక మడత విప్పుకుంటూ పోతే మూడేళ్ళు వస్తుంది. నూలుదైతే కుట్టేముందే ఒకసారి నీళ్ళలో తడిపి ఆరేయాలి, లేకపోతే మొదటి ఉతుక్కే కుంచించుకుపోయి లెక్కంతా తప్పుతుంది. మడత విప్పినచోట రంగు వెలవకుండా ముదురుగా గీతలా కనిపిస్తుంది, దానిమీద సన్నటి జరీ లేసు వేసేస్తే సరి. జాకెట్టుకి రెండు పక్కలా లోపల అంగుళం గుడ్డ వదలమని టైలరుకు గట్టిగా చెప్పండి, చెప్పకపోతే కత్తిరించి పారేస్తారు. చెల్లికి ఇచ్చే రోజున మాత్రం ఉన్నదున్నట్టు ఇవ్వకండి. గుండీలు మార్చండి, ఒక పువ్వు కుట్టండి, ఏదో ఒకటి దాని కోసమని చేసి ఇవ్వండి.

తిండి దగ్గర మా ఇంటి పద్ధతి ఇది. బంగినపల్లి పండు కోస్తే రెండు చెక్కలు, ఒక టెంక. మేం ముగ్గురం. రోజుకొకరికి టెంక వంతు, గోడమీద క్యాలెండర్‌లో పేరు మొదటి అక్షరం రాసుకునేవాళ్ళం. స్వీటు ముక్కలు చేయాల్సి వస్తే కోసినవాళ్ళు ఆఖర్న తీసుకోవాలి, అప్పుడు ఎంత చిన్నపిల్లైనా సమానంగానే కోస్తుంది, మీరు పక్కన నిలబడి తీర్పు చెప్పక్కర్లేదు.

ఒక్క గదిలో చదువులంటే ఫ్యాను కింద చోటు ఎవరిదన్నదే తగువు. ఎవరికి పరీక్షలుంటే ఆ చోటు వాళ్ళది, టీవీ బంద్. మిగతా రోజుల్లో వారానికొకరు. పుస్తకాలు కూడా అక్కవి చెల్లికి వాడుకోవచ్చు గానీ సిలబస్ మారిందేమో బడిలో అడిగి తెలుసుకోండి. ఒక్కొక్కరికి తాళం వేసుకునే చిన్న రేకు పెట్టె ఇవ్వండి, అందులో ఏముందో మీరు కూడా అడక్కండి. గది లేని పిల్లకి ఆ పెట్టే గది.

ఇప్పుడు చెప్పేది నాకు అన్నిటికంటే ముఖ్యం. పెద్దపిల్లని రెండో అమ్మని చేయకండి. సంక్రాంతి ముందు అమ్మకి కుట్టుపని ఎక్కువగా ఉండేది, పన్నెండేళ్ళకే అక్క మా ఇద్దరికీ అన్నం వండి, జడలేసి, ముక్కు తుడిచి బడికి తీసుకెళ్ళేది. మేం చేసిన తప్పుకి కూడా తిట్లు దానికే, "పెద్దదానివి, నువ్వు చూసుకోవద్దూ" అని. పెళ్ళయిన చాలా ఏళ్ళకి ఒకసారి, "నాకు చిన్నప్పుడు ఆడుకున్నట్టే గుర్తులేదే" అంది. నాకింకా ఆ మాట గుచ్చుకుంటుంది. పని వయసును బట్టి అందరికీ పంచండి. ఆరేళ్ళది బట్టలు మడతపెట్టగలదు, ఎనిమిదేళ్ళది కంచాలు పెట్టి మంచినీళ్ళు పోయగలదు.

అట్లతద్ది ముందురోజు సాయంత్రం గోరింటాకు రుబ్బేది అక్కే, మా ఇద్దరికీ పెట్టేదీ అక్కే. చివరికి తన ఎడమచేతికి తనే పెట్టుకునేది, కుడిచేయి ఉత్తగా ఉండిపోయేది. ఒక ఏడు అమ్మ అది చూసి, ముందు పెద్దదాని చేతులు పండాలి, మీరిద్దరూ పెట్టండి అంది. చెల్లి పెట్టిన చందమామ వంకరగా అరచెయ్యంతా పాకింది. అక్క ఆ రాత్రి చెయ్యి కదపకుండా దిండుమీద పెట్టుకుని పడుకుంది, తెల్లారకముందే లేచి గోంగూర పచ్చడితో చద్దన్నం తినేటప్పుడు కూడా కుడిచేయి పాడవుతుందని అమ్మచేతే ముద్దలు పెట్టించుకుంది. మీ పెద్దపిల్లకి కూడా ఎవరో ఒకరు చేసిపెట్టే రోజులు ఏడాదిలో కొన్నైనా ఉండేలా చూడండి.

చుట్టాలు వచ్చి "పెద్దది తెలుపు, ఇది కాస్త చామనఛాయ" అంటే నవ్వి ఊరుకోకండి. పిల్లల ముందే, అప్పుడే, "మా ఇంట్లో ఆ మాటలొద్దు పిన్నీ" అనేయండి. మార్కులు పోల్చినా అంతే.

డబ్బు సంగతి. ఆడపిల్లల పేరున దాచుకునే ప్రభుత్వ పొదుపు పథకం సుకన్య సమృద్ధి, ఆ ఖాతా పిల్లకి పదేళ్ళు నిండకముందే పోస్టాఫీసులోనో బ్యాంకులోనో తెరవాలి. ఏడాదికి కనీసం 250 రూపాయలు, గరిష్ఠంగా లక్షన్నర, 15 ఏళ్ళు కట్టాలి, తెరిచిన 21 ఏళ్ళకి పూర్తవుతుంది. పద్దెనిమిది నిండాక పై చదువుకి సగం దాకా తీసుకోవచ్చు. కానీ ఒక ఇంట్లో ఇద్దరాడపిల్లలకే, కవలలు పుట్టినప్పుడు తప్ప మూడోదానికి రాదు. అందుకని మూడోదాన్ని వదిలేయకండి, పోస్టాఫీసులో నెలనెలా కట్టే ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) నెలకి 100 రూపాయలతో మొదలుపెట్టొచ్చు, అయిదేళ్ళకి వచ్చింది మళ్ళీ వేయండి. పాస్‌బుక్కులు మూడూ ఒకేచోట పెట్టి, ఎవరి పేరున ఎంత ఉందో పిల్లలకి కూడా చూపించండి.

అమ్మ బంగారం కూడా అంతే. అన్యోన్యంగా పెరిగిన అక్కచెల్లెళ్ళు అమ్మ పోయాక రెండు గాజుల దగ్గర మాటలు మానేయడం మా చుట్టాల్లోనే చూశాను. మా అమ్మ బాగున్నప్పుడే ముగ్గురినీ కూర్చోబెట్టి ఒక నోటుబుక్కులో రాయించింది. ఏ వస్తువు, ఎన్ని గ్రాములు, ఎవరికి. రాళ్ళ నెక్లెసుకి రాళ్ళ బరువు తీసేసి రాయించింది. కమ్మలు చెల్లి అడిగింది, అక్క సరే అంది, ఆ పేజీ కింద ముగ్గురం సంతకాలు పెట్టాం.