గులాబీ రంగు గాజు గిన్నె దొరికిందా? ముందు తిరగేసి అడుగు చూడండి

శనివారం పొద్దున పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లడం, పులిహోర తినడం, వచ్చేటప్పుడు దారిలో ఎక్కడ గరాజ్ సేల్ (ఇంట్లో పాత సామాను వాకిట్లో పెట్టి అమ్మడం) బోర్డు కనిపిస్తే అక్కడ కారు ఆపడం, పిట్స్‌బర్గ్ వచ్చినప్పటి నుంచీ మా ఇంట్లో ఇదే తంతు. ఆ గుడికి కాస్త దూరంలోనే జెనెట్ అనే ఊరుంది. 1930ల్లో అమెరికా వంటిళ్లలో కనిపించిన గులాబీ, ఆకుపచ్చ గాజు సామాను బోలెడంత ఆ ఊరి ఫ్యాక్టరీలోనే తయారైంది. అందుకే ఈ చుట్టుపక్కల పాత పెనాలు, పనికిరాని ఛార్జర్ల మధ్య ఇప్పటికీ అప్పుడప్పుడూ ఒక మంచి గిన్నె తగులుతూ ఉంటుంది.

దీన్ని డిప్రెషన్ గ్లాస్ అంటారు. 1929లో షేర్ మార్కెట్ కుప్పకూలి, జనం చేతిలో డబ్బుల్లేని రోజుల్లో, మెషీన్ మీద అచ్చుల్లో నొక్కి వేలకు వేలు తీసిన చవక సామాను ఇది. ఓట్స్ డబ్బాలో ఒక కప్పు, సినిమా టికెట్ కొంటే ఒక సాసర్ ఉచితం, మనకి సబ్బుపొడితో బకెట్ ఇచ్చినట్టే.

నేను మొదట మోసపోయింది రంగు దగ్గరే. ఒక యాంటిక్ షాపులో లేత గులాబీ రంగు పళ్లెం చూసి, గులాబీ అంటే 1930లే కదా అనుకుని నలభై డాలర్లు పెట్టి ఇంటికి తెచ్చుకున్నాను. అది మాడ్రిడ్ అనే డిజైన్. ఫెడరల్ గ్లాస్ కంపెనీ దాన్ని మొదట చేసింది 1932 నుంచి 1939 దాకా, ఎక్కువగా తేనె రంగులో. 1976లో అమెరికా రెండు వందల ఏళ్ల పండగకి అదే కంపెనీ మళ్లీ తీసింది, కాకపోతే నిజాయితీగా ప్రతి ముక్క మీదా డిజైన్‌లో కలిసిపోయేలా 76 అని వేసింది. ఆ కంపెనీ మూతపడ్డాక అచ్చులు ఇండియానా గ్లాస్ చేతికి వెళ్లాయి, వాళ్లు ఆ 76 తీసేసి 1980ల్లో గులాబీ, నీలం రంగుల్లో వదిలారు. నా పళ్లెం ఆ బాపతు. పాత గులాబీ పక్కన పెడితే రెండు ఉతుకులకే వెలిసిన చీరలా ఉంటుంది, కానీ పక్కన పెట్టడానికి పాతది ఉంటే కదా మనకి!

కాబట్టి రంగు సంగతి ఆఖర్న చూడండి. ముందు గిన్నె తిరగేసి, కిటికీ వైపు ఏటవాలుగా పట్టుకోండి. తొంభై ఏళ్లు బల్లల మీద జరిగిన గిన్నెకి అడుగున, సరిగ్గా బల్లకి ఆనే చోట మాత్రమే, సన్నని గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి, గోరు ఆడిస్తే కాస్త గరుకు తెలుస్తుంది. గీతలన్నీ ఒకే వైపు దువ్వినట్టుంటే ఎవరో గరుకు కాగితంతో రుద్దారని అర్థం. బల్లకి ఆనని గుంటలో కూడా గీతలుంటే ఇంకా అనుమానించండి. అసలు గీతలే లేకపోతే? కొత్తదే కావాలని లేదు, పెళ్లికి వచ్చిన సెట్టుని అద్దాల బీరువాలోంచి తీయని ఇళ్లు అక్కడా ఉన్నాయి.

గాలి బుడగలు, అచ్చు అతికిన గీత చేతికి తగలడం, అంచు కాస్త వంకరగా ఉండడం, వీటిని చూసి నకిలీ అనుకోకండి. చవక సరుకు కదా, పాతవాటికి ఇవన్నీ మామూలే.

అడుగున ముద్ర ఉంటే పని సులువు, కానీ డిప్రెషన్ గ్లాస్‌లో చాలావాటికి ముద్రే ఉండదు. ఉన్నవాటిలో, లంగరు బొమ్మ మీద హెచ్ అక్షరం ఉంటే అది యాంకర్ హాకింగ్, అంటే 1937లో రెండు కంపెనీలు కలిసిన తర్వాతది. కోడిగుడ్డు ఆకారం గీత లోపల ఫెంటన్ (ఇదీ ఒక గాజు కంపెనీయే) అని ఉంటే అది 1970 తర్వాతదే, ఆ పేరు కింద 8 అంకె ఉంటే 1980లు, 9 ఉంటే 1990లు.

ముద్ర లేకపోతే డిజైన్ పేరు పట్టుకోవాలి. అంచునీ మధ్యలో పువ్వునీ విడివిడిగా ఫోటో తీసి వెతకండి, దొరికాక కొలతలు సరిచూడండి. స్కేలు జేబులో ఉంచుకోండి, నవ్వినా పర్లేదు. పాత గిన్నెని చూసి కొత్తగా అచ్చు చేసినప్పుడు కొలత కాస్త తేడా వస్తుంది, ఆకుల ఈనెలు, పువ్వు రేకులు మొద్దుబారతాయి.

ఇప్పుడు రంగు. రంగు వయసు చెప్పదు గానీ, దీనికంటే ముందుది కాదు అని మాత్రం చెప్పగలదు. యాంకర్ హాకింగ్ ముదురు ఆకుపచ్చని ఫారెస్ట్ గ్రీన్ అంటారు, అది 1950 నుంచి వచ్చింది, దాన్ని డిప్రెషన్ గ్లాస్ అని అమ్మితే నవ్వి ఊరుకోండి. అన్నట్టు, మన గోలీసోడా సీసాకి ఆ లేత పచ్చదనం ఎవరో వేసిన రంగు కాదు, ఇసుకలోని ఇనుము వల్ల వచ్చింది. ఆ పచ్చదనాన్ని పోగొట్టడానికే ఒకప్పుడు గాజులో మాంగనీస్ కలిపేవారు, అలాంటి తెల్ల గాజు ఏళ్ల తరబడి ఎండలో ఉంటే ఊదా రంగుకి తిరుగుతుంది.

ఇక అందరికీ సరదా అయిన యూవీ టార్చ్, అంటే అతినీలలోహిత కాంతి టార్చ్. చీకట్లో వేస్తే కొన్ని ఆకుపచ్చ గిన్నెలు లోపల దీపం పెట్టినట్టు భగ్గుమంటాయి, అది గాజులో కలిపిన యురేనియం. 395 నానోమీటర్ల (ఇది ఆ కాంతి తరంగం పొడవు) టార్చ్‌కే గట్టిగా వెలిగితే యురేనియం, 365కి మాత్రమే నీరసంగా వెలిగితే మాంగనీస్ కావచ్చు. వెలిగింది కాబట్టి పాతదే అనుకుంటే మాత్రం పప్పులో కాలేసినట్టే. 1943లో అమెరికా ప్రభుత్వం యురేనియం మీద ఆంక్షలు పెట్టింది, 1958లో సడలించాక మళ్లీ వాడారు, ఇప్పటికీ అలాంటి గాజు చేస్తున్నారు. రేడియేషన్ టెన్షన్ అక్కర్లేదు, అది చాలా తక్కువ, బీరువాలో పెట్టుకోవచ్చు. అందులో ఆవకాయ, నిమ్మకాయ పచ్చడి మాత్రం వేయకండి, పులుపుకి గాజులోంచి కొంచెం దిగుతుంది.

డబ్బులిచ్చే ముందు ఒక్కసారి పొడిబట్టతో గట్టిగా తుడవండి. పాలిపోయిన గాజుకి నూనె రాసి అమ్మేవాళ్లున్నారు, తడిగా ఉన్నంతసేపూ మచ్చ కనపడదు, ఆరాక తెల్లటి పొర తేలుతుంది, అది ఎంత తోమినా పోదు. చాలాసార్లు దానికి కారణం డిష్‌వాషర్. మా ఆకుపచ్చ గిన్నె ఒకటి అలాగే పాడైంది, ఇప్పుడు గుమ్మం దగ్గర కారు తాళాలు వేసుకుంటున్నాం అందులో.