మెంబ్రేన్‌ను చుడితే స్ట్రింగ్ ఎలా అవుతుందో చేసి చూద్దాం

విశాఖ ఎంవీపీ కాలనీలో మా డాబా మీద సాయంత్రాలు ఎమ్మెస్సీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంటాను. స్ట్రింగ్ సిద్ధాంతంలో మెంబ్రేన్ అంటే పలుచని పొర, స్ట్రింగ్ అంటే సన్నని తీగ. ఈ రెండిటికీ ఉన్న చుట్టరికం తెలియాలంటే ముందు పుస్తకం మూసి, చార్టు పేపర్ తెచ్చుకోమంటాను.

అంగుళం వెడల్పు, మూరెడు పొడవు ఉండేలా పట్టీ కత్తిరించండి. పొడవునా గొట్టంలా చుట్టి అంచులు అతికించండి. పిట్టగోడ మీద పడుకోబెట్టి పైన రాయి పెట్టండి, లేకపోతే సముద్రపు గాలికి నిలవదు. డాబా అవతలి కొసకి వెళ్లి చూస్తే పొర కాదు, గీత కనిపిస్తుంది.

ఇక్కడే చాలామంది తడబడతారు. అసలు సిద్ధాంతంలో మనం పొరను మడవం. స్థలంలోనే ఒక దిశ చిన్న వృత్తంలా మూసుకుని ఉంటుంది, మెంబ్రేన్ దాని చుట్టూ పరుచుకుంటుంది. అందుకే అది ఊడి రాదు.

ఇక లెక్క. టెన్షన్ అంటే పొరలోనో తీగలోనో దాని పరిమాణానికి తగ్గట్టు ఉండే శక్తి. మెంబ్రేన్ టెన్షన్ చదరపు మీటరుకు ఇన్ని జౌళ్లు, స్ట్రింగ్ టెన్షన్ మీటరుకు ఇన్ని జౌళ్లు. మొదటిదాన్ని వృత్తం చుట్టుకొలతతో గుణిస్తే రెండోది వస్తుంది. యూనిట్లు సరిపోయాయో లేదో మీ చేత్తోనే రాసి చూసుకోండి. 1987లో భౌతిక శాస్త్రవేత్తలు బెర్గ్‌షోఫ్, సెజ్గిన్, టౌన్‌సెండ్ 11 డైమెన్షన్లలో (కాలంతో కలిపి 11 దిశల్లో) సూపర్‌మెంబ్రేన్‌ను, అంటే బోసాన్లనూ ఫెర్మియాన్లనూ జత కలిపే సూపర్‌సిమెట్రీ ఉన్న మెంబ్రేన్‌ను, రాశారు. అదే ఏడాది డఫ్, హోవ్, ఇనామి, స్టెల్ దాన్ని ఇలా చుట్టి 10 డైమెన్షన్ల టైప్ 2ఏ స్ట్రింగ్‌ను (సూపర్‌స్ట్రింగ్ సిద్ధాంతాల్లో ఒక రకం) రాబట్టారు. స్థలకాలంలో ఒక డైమెన్షన్, పొరలో ఒక డైమెన్షన్, రెండూ ఒకేసారి తగ్గుతాయి. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా ఇష్టమైన లెక్క ఇదే.

వృత్తం ఎంత పెద్దది? దాని వ్యాసార్థం స్ట్రింగ్ పొడవును (ఈ సిద్ధాంతపు మూల కొలతను) కప్లింగ్‌తో, అంటే స్ట్రింగులు ఒకదానిపై ఒకటి ఎంత బలంగా ప్రభావం చూపుతాయో చెప్పే సంఖ్యతో, గుణించినంత. కప్లింగ్ చిన్నదని పెట్టుకుని లెక్కలు చేసినంతకాలం 11వ దిశ కంటపడదు. కప్లింగ్ పెంచితే ఆ దిశ విచ్చుకుంటుందని 1995లో భౌతిక శాస్త్రవేత్త విట్టెన్ గట్టిగా వాదించాడు. ప్రయోగాల్లో మాత్రం ఇంతవరకూ స్ట్రింగూ దొరకలేదు, మెంబ్రేనూ దొరకలేదు.

చుట్టుకోకుండా విడిగా ఉండిపోయిన మెంబ్రేన్‌ను కూడా వదలకండి. 10 డైమెన్షన్లలో అది డీ2 బ్రేన్, అంటే స్ట్రింగ్ కొసలు అతుక్కోగలిగే, రెండు దిశల్లో పరుచుకున్న పొర. దాని టెన్షన్‌ను స్ట్రింగ్ పొడవు, కప్లింగ్‌లలో రాయండి. కప్లింగ్ హారంలోకి వస్తే లెక్క సరిగ్గా చేసినట్టే. కప్లింగ్ తగ్గేకొద్దీ డీ2 బ్రేన్ ఎందుకు బరువెక్కుతుందో ఆ భిన్నంలోనే కనిపిస్తుంది.