పాత విండ్‌సర్ఫింగ్ బోర్డు: తూచి కొనండి, తెలిసి నడపండి

పాత విండ్‌సర్ఫింగ్ బోర్డు (తెరచాప బిగించి, నిలబడి నీటి మీద నడిపే పలక) ముందు నిలబడ్డప్పుడు అది ఏ సంవత్సరం నాటిదన్నది అంత ముఖ్యం కాదు. లోపలికి నీళ్లు వెళ్లాయా, దాని అమరికలకు ఇప్పుడు దొరికే సామాను సరిపోతుందా అన్న రెండిటికి జవాబు దొరికితే చాలు. నీడలో పొడిగా ఉంచిన ముప్పయ్యేళ్ల బోర్డు ఇంకా హాయిగా తేలుతుంది. అయిదేళ్ల బోర్డే అయినా పగులు పూడ్చకుండా వాడితే బరువెక్కి పాడైపోతుంది.

ముందు రకం తెలుసుకోండి

పాతవాటిలో ముఖ్యంగా రెండు జాతులు కనిపిస్తాయి. ఒకటి, మూడున్నర మీటర్లు దాటిన పొడవాటి బోర్డు. మధ్యలో డ్యాగర్‌బోర్డ్ (నీటిలోకి దించి ఎత్తుకునే పలక), దాని ముందు మాస్ట్ ట్రాక్ (తెరచాప స్తంభాన్ని ముందుకూ వెనక్కూ జరిపే గాడి) ఉంటాయి. 1996, 2000, 2004 ఒలింపిక్స్‌లో వాడిన మిస్ట్రాల్ వన్ డిజైన్ ఈ జాతిదే, పొడవు 372 సెం.మీ. రెండోది, 1990ల నాటి పొట్టి బోర్డు: 270 నుంచి 290 సెం.మీ. పొడవు, 55–60 సెం.మీ. వెడల్పు, సన్నని తోక. నేర్చుకునేవాళ్లు, తేలిక గాలిలో తిరగాలనుకునేవాళ్లు మొదటిదే తీసుకోవాలి. రెండోది ఇప్పటికే ప్లేనింగ్ (వేగం అందుకుని నీటి పైపైన జారడం) వచ్చినవాళ్లకు.

ఎన్ని లీటర్లు కావాలో లెక్క సులువు. ఒక లీటరు ఘనపరిమాణం దాదాపు ఒక కిలోను మోస్తుంది. మీ బరువు 75 కిలోలు, బోర్డు 15, రిగ్ (మాస్ట్, సెయిల్ అనే తెరచాప, చేత్తో పట్టుకునే బూమ్ కడ్డీ) 10 అనుకుంటే 100 లీటర్ల బోర్డు నీటి మట్టానికి మునిగి ఉంటుంది. దాని మీద నిలబడి తాడుతో సెయిల్ లేపాలంటే ఇంకో 40 లీటర్లయినా మిగులు కావాలి. కొత్తవాళ్లు సొంత బరువుకు 100 కలుపుకుని వెతికితే పొరపాటు ఉండదు.

తయారీ పదార్థాన్నీ కనిపెట్టండి, ఎందుకంటే రిపేరు దాని మీదే ఆధారపడుతుంది. పాలిఇథిలిన్ బోర్డు మైనపు నునుపుతో, బరువుగా ఉంటుంది. దెబ్బలకు ఓర్చుకుంటుంది గానీ దానికి మామూలు జిగుర్లు సరిగా పట్టవు, వేడితో అతకడమే మేలు. ఎపాక్సీ బోర్డు తేలిక, గట్టి. కానీ లోపల ఉండేది థర్మోకోల్. చిన్న పగులు చాలు, అది నీళ్లు పీల్చుకోవడం మొదలుపెడుతుంది.

నీళ్లు ఉన్నాయేమో చూడటం

వేలాడదీసే తూకం ఒకటి వెంట తీసుకెళ్లండి. కాళ్లు దూర్చే పట్టీలు, తోక కింది ఫిన్ (రెక్క) తీసేసి బోర్డు తూచి, ఆ మోడల్‌కు కంపెనీ చెప్పిన బరువుతో పోల్చండి. ఒక కిలో తేడా పాత రిపేర్ల వల్ల రావచ్చు. మూడు నాలుగు కిలోలు ఎక్కువ తూగితే లోపల నీళ్లున్నట్టే. అమ్మేవారు ఎంత తగ్గించినా వదిలేయడమే మంచిది, ఆ నీళ్లు బయటికి రావడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి పూర్తిగా రావు కూడా.

తర్వాత కుండను తట్టి చూసినట్టు వేలి కణుపులతో బోర్డంతా తట్టండి. మడమలు ఆనేచోట, మాస్ట్ ట్రాక్ చుట్టూ, ముక్కు మీద మరీ జాగ్రత్తగా. టకటకమని గట్టిగా పలుకుతున్నది ఒక్కచోట డబడబమంటే అక్కడ పై పొర లోపలి నురుగు నుంచి విడిపోయింది. బొటనవేలితో నొక్కండి. లోపలికి దిగి మళ్లీ పైకి లేస్తే ఖాయం. ముక్కు మీద అర్ధచంద్రాకారపు పగుళ్లుంటే పడ్డప్పుడు మాస్ట్ తగిలిన దెబ్బలవి.

వెంట్ స్క్రూ (లోపలి గాలి బయటికి వెళ్లే రంధ్రానికి బిగించే స్క్రూ) ఉంటే విప్పి చూడండి. దాని కింది రబ్బరు రింగు ఎండిపోయి ఉంటే మార్చుకోవచ్చు. కానీ రంధ్రంలోంచి నీరు కారితే కథ వేరు. అనుమానంగా ఉంటే ఆ రంధ్రంలో చిన్న గొట్టం పెట్టి నోటితో మెల్లగా ఊదుతూ, అతుకుల మీద సబ్బునీళ్లు రాయండి. బుడగ వచ్చినచోటే కన్నం. పంపు మాత్రం వాడకండి, ఆ ఒత్తిడికి పై పొర లేచిపోతుంది.

అమరికలు

మంచి బోర్డు కూడా ఇక్కడే చేతికి రాకుండా పోతుంటుంది. మాస్ట్ ట్రాక్‌లో ఇప్పటి ప్రామాణిక నట్ దూరుతుందో లేదో మీ సొంత బేస్ (మాస్ట్‌ను బోర్డుకు బిగించే అడుగు భాగం) పెట్టి చూడండి. 1980ల బోర్డుల్లో చాలావాటికి ఆయా కంపెనీలే తయారుచేసుకున్న బిగింపులు ఉండేవి. వాటి బేస్ బోర్డుతోపాటు రాకపోతే విడిగా దొరకడం కష్టం. ఫిన్ పెట్టె ఏ రకమో కనుక్కోండి. పై నుంచి రెండు బోల్టులుంటే టటిల్, ఒకటే ఉంటే పవర్ బాక్స్, కింద పొడవాటి గాడిలో పలక, స్క్రూ ఉంటే యూఎస్ బాక్స్. ఈ మూడింటికీ ఫిన్లు ఇప్పటికీ దొరుకుతాయి.

ఫిన్ తీసి చూపించమనండి. ఉప్పు పట్టి టటిల్ ఫిన్ రాకపోతే బోల్టులు రెండు మూడు చుట్లు వదులు చేసి, వాటి తలల మీద చెక్క సుత్తితో మెల్లగా తట్టాలి. ఇనుప కడ్డీతో ఎగదోస్తే పెట్టె అంచు చిట్లుతుంది. మళ్లీ బిగించి ఫిన్‌ను అటూ ఇటూ ఊపండి. పెట్టె చుట్టూ సన్నని గీత తెరుచుకుంటే నీళ్లు వెళ్లే దారి అదే. డ్యాగర్‌బోర్డ్ పూర్తిగా దిగుతూ లేస్తూ ఉండాలి. పట్టేసినట్టుంటే చాలావరకు ఇసుకే కారణం, విప్పి కడిగితే పోతుంది. కింది గాడి రబ్బరు పెదవులు చిరిగి ఉంటే నీళ్లు పైకి చిమ్ముతాయి, వేగం తగ్గుతుంది. కొత్తవి అతికించుకోవచ్చు.

మాస్ట్ అన్ని వైపులా వాలేలా బోర్డుకు కలిపే యూనివర్సల్ జాయింట్ విషయంలో మాత్రం పొదుపు చూడకండి. పాత రబ్బరును పూర్తిగా వంచితే వంపులో పగుళ్లు బయటపడతాయి. కొత్తది కొని, భద్రతా తాడుతో సహా బిగించండి. ఒడ్డు నుంచి సముద్రం వైపు గాలి వీచేటప్పుడు జాయింట్ తెగితే ఈది రాలేరు.

రిగ్ ఎంపిక

డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. పాత బోర్డు మీద కాస్త కొత్త రిగ్ పెడితే బోర్డే మారినట్టనిపిస్తుంది. పాత సెయిల్ ఉచితంగా వస్తే పారదర్శక ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూడండి. పసుపు తిరిగి, నొక్కితే కరకరలాడితే ఎండకు చచ్చిపోయిందన్నమాట. కుట్లను గోటితో గీకండి, దారం పొడిపొడిగా రాలితే అది బలమైన గాలికి ఆగదు. సెయిల్ మీద ముద్రించిన మాస్ట్ పొడవు, లఫ్ (సెయిల్‌కు మాస్ట్ వైపు అంచు), బూమ్ కొలతలు చూసే మాస్ట్ కొనండి. లావు మాస్టుకు కుట్టిన సెయిల్‌లో సన్న మాస్ట్ వదులుగా ఆడుతుంది, సన్నదానికి కుట్టినదాంట్లో లావుది దూరదు. తాడుతో కట్టే పాత బూమ్ కన్నా బిగింపు తలకాయ ఉన్నది ఎంతో నయం.

పగులు పూడ్చడం

ముందు ఆరబెట్టాలి. కన్నం కిందికి వచ్చేలా బోర్డు నిలబెట్టి, నీడలో గాలి తగిలేచోట ఉంచి వారానికోసారి తూచండి. రెండు తూకాలు ఒకటే వచ్చేదాకా మూయకండి. విడిపోయిన పొర కోసేసి, చుట్టూ 5 సెం.మీ. మేర 80 నంబరు ఉప్పుకాగితంతో రుద్దండి. గుంటను ఎపాక్సీలో మైక్రోబెలూన్ పొడి (అతి సన్నని బోలు గోళీల పొడి) కలిపి నింపి, చ.మీ.కు 160–200 గ్రాముల గ్లాస్ గుడ్డ రెండు పొరలు వేయండి, పైది కింది దానికన్నా పెద్దదిగా. పాలిస్టర్ రెసిన్ మాత్రం వాడకండి, థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. హార్డెనర్ (ఎపాక్సీని గట్టిపరిచే ద్రవం) కంపెనీ చెప్పిన కొలతే, తొందర కోసం ఎక్కువ పోస్తే ఎప్పటికీ సరిగా గట్టిపడదు. ఒక్కసారి 100 గ్రాములకు మించి కలిపితే గిన్నెలోనే వేడెక్కి పొగలొస్తుంది. మర్నాడు రుద్ది, రంగు వేయండి. ఎపాక్సీకి ఎండ పడదు.

నీళ్లలో

పొడవాటి బోర్డు మీద గాలికి ఎదురుగా వెళ్లేటప్పుడు డ్యాగర్‌బోర్డ్ పూర్తిగా దించి, మాస్ట్‌ను ట్రాక్‌లో ముందుకు జరిపి, గాలి వాలు వైపు (గాలి వెళ్లే వైపు) అంచును కాస్త ముంచి నడపాలి. గాలి పెరిగి వేగం అందుకున్నాక డ్యాగర్‌బోర్డ్ ఎత్తేయండి, మాస్ట్ వెనక్కి లాగండి. ఎత్తకపోతే అది పక్కకు తోసే బలానికి గాలి వైపు అంచు లేచి బోర్డు తిరగబడుతుంది. చాలామంది దీన్ని తమ కాళ్ల తప్పనుకుంటారు, కాదు.

పొట్టి పాత బోర్డుకు వేరే అలవాటు కావాలి. తోక సన్నన కాబట్టి ప్లేనింగ్ రాకముందే వెనక పట్టీలో కాలు పెడితే అది మునిగి ఆగిపోతుంది. మాస్ట్ దగ్గరగా నిలబడి, గాలి వాలుకు ఇరవై ముప్పయి డిగ్రీలు తిప్పి, సెయిల్ ఊపి వేగం తెచ్చుకున్నాక ముందు కాలు, ఆ తర్వాత వెనక కాలు పట్టీల్లో పెట్టండి. 8 చ.మీ. సెయిల్‌ను అంత తక్కువ వెడల్పు అదుపు చేయలేదు, 6.5 దగ్గర ఆగండి. ఫిన్ జారి తోక పక్కకు పోతే వెనక కాలి ఒత్తిడి తగ్గించి కొంచెం గాలి వాలుకు తిప్పితే మళ్లీ పట్టు దొరుకుతుంది. పదేపదే జారుతుంటే ఫిన్ ముందంచున గాట్లున్నాయేమో చూసి నున్నగా రుద్దండి.

ఒడ్డుకొచ్చాక మంచినీళ్లతో కడిగి, వెంట్ స్క్రూ వదులు చేసి నీడలో పెట్టండి. ఎండలో మూసి ఉంచితే లోపలి గాలి వ్యాకోచించి పొరలు లేపుతుంది. నీళ్లలోకి దిగే ముందు మళ్లీ బిగించడం మరిచిపోకుండా ఆ స్క్రూ వదిలినప్పుడల్లా బూమ్‌కు ఒక ఎర్ర దారం కట్టుకోండి.