ఆటిజం ఉన్న మావాడికి నిక్కరు తొడుక్కోవడం నేర్పిన 11 వారాలు

మాది విశాఖ ఉక్కునగరం క్వార్టర్స్. నేను స్టీల్ ప్లాంట్ మెయింటెనెన్స్‌లో ఫిట్టర్‌ని. మావాడికి ఇప్పుడు ఆరేళ్లు. ఆటిజం అని రెండున్నరేళ్లప్పుడు తెలిసింది. మాటలు పది, పన్నెండు ఉంటాయి. థెరపిస్టు వారానికి రెండు గంటలు చూస్తారు. మిగతా టైమంతా వాడు ఇంట్లో మాతోనే ఉంటాడు. ఆ టైములో ఒక పని ఎలా నేర్పాలో, మూడు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లలున్న అమ్మానాన్నలకి నాకు తెలిసినంత చెబుతాను.

ముందు ఏ పని పట్టుకోవాలన్నది తేల్చుకోండి. ఇంట్లో రోజూ రెండు మూడుసార్లు ఎలాగూ వచ్చే పని, పిల్లాడు కొంతైనా చేయగలుగుతున్న పని అయితే మంచిది. మేం మొదట రంగులు, ఏబీసీడీలు పట్టుకుని నాలుగు నెలలు పోగొట్టుకున్నాం. ఎర్రది చూపించమంటే చూపించేవాడు, బాత్రూమ్‌లోంచి మాత్రం బట్టల్లేకుండా హాల్లోకి వచ్చేసేవాడు. మా అమ్మ చూసి చూసి, ‘గుంటడికి ఎరుపు తెలిస్తే ఏటిరా, నిక్కరు తెలియాలి గానీ’ అంది. ఆ పూట కోపం వచ్చింది. మర్నాడు నిక్కరే మొదలుపెట్టాం.

పనిని ముక్కలు చేయాలి. ఊహించి రాస్తే కుదరదు. నేను గదిలో తలుపేసుకుని, నిక్కరు విప్పి తొడుక్కుంటూ ఒక్కో కదలికా కాగితం మీద రాసుకున్నాను. తొమ్మిది తేలాయి: ముందువైపు ఏదో చూసుకోవడం, కూర్చోవడం, నడుం పట్టీని రెండు చేతులతో పట్టుకోవడం, కుడికాలు దూర్చడం, ఎడమకాలు దూర్చడం, మోకాళ్ల దాకా లాగడం, లేచి నిలబడడం, తొడల మీదికి లాగడం, నడుం దాకా లాగడం. అప్పటిదాకా ‘నిక్కరేసుకో’ అని ఒక్క మాటలో వాడికి నేను చెబుతున్నది ఇన్ని పనులన్నమాట.

ఆ కాగితం పట్టుకుని ఒకటో ముక్క నుంచి మొదలుపెట్టడం నేను చేసిన తప్పు. మూడో ముక్కకే వాడికి విసుగొచ్చి కింద పడి ఏడ్చేవాడు. నిక్కరు నా చేతిలోనే ఉండేది. పది రోజులయ్యాక థెరపిస్టుకి చెబితే ఆవిడ కాగితాన్ని తలకిందులు చేశారు. ఎనిమిది ముక్కలూ మీరే చేయండి, ఆఖరిది ఒక్కటే వాడికి వదలండి అన్నారు. నిక్కరు తొడల దాకా మనం ఎక్కించేస్తే, వాడు లాగాల్సింది జానెడు. లాగగానే పని అయిపోతుంది, అప్పుడే మెచ్చుకోలు కూడా అందుతుంది. ఏ రోజూ పని సగంలో ఆగి ఏడుపుతో ముగియదు. కొత్త హెల్పర్‌కి మేమూ ఇలాగే నేర్పుతాం. కన్వేయర్ రోలర్ కూర్చోబెట్టేసి చివరి నట్టు బిగింపు అతనికి ఇస్తాం. ఇన్నేళ్లుగా చేస్తున్న పనే, కొడుకు దగ్గరికొచ్చేసరికి గుర్తు రాలేదు.

ఇక చేయి ఎక్కడ పెట్టాలన్నది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నాకు ఎక్కువ రోజులు పట్టింది ఇక్కడే. పిల్లాడికి ఎదురుగా కూర్చోవద్దు. ఎదురుగా ఉంటే వాడు నిక్కరు వదిలేసి మన మొహమో, కళ్లజోడో చూస్తాడు. నేను వాడి వెనక మోకాళ్ల మీద కూర్చునేవాణ్ని. మొదటి రెండు వారాలు నా చేతులు వాడి చేతుల మీద ఉండేవి. ఇద్దరం కలిసే లాగేవాళ్లం. మూడో వారం మణికట్టు పట్టుకున్నాను. తర్వాత మోచేయి. ఆ తర్వాత భుజం మీద రెండు వేళ్లు ఆనించి ఊరుకునేవాణ్ని. ఆరో వారం ఒక సాయంత్రం, ఎ షిఫ్ట్ నుంచి వచ్చి కూర్చున్నాక, నా వేళ్లు భుజానికి తగలకముందే సర్రుమని పైకి లాగేశాడు. ఎలాస్టిక్ నడుముకి టప్‌మని కొట్టుకుంటే ఆ చప్పుడుకి నవ్వాడు. వరసగా మూడు రోజులు సాయం లేకుండా చేస్తేనే కాగితంలో దానికి ముందున్న ముక్కకి వెళ్లాలని నియమం పెట్టుకున్నాను. సాయం తగ్గించడం మర్చిపోతే మాత్రం, మన చేయి తగిలేదాకా కదలకుండా నిలబడడం వాడికి అలవాటైపోతుంది.

మాట కూడా ఒక్కటే ఉండాలి. మాది ‘పైకి’. మా అమ్మ ‘లాగు నాన్నా, బంగారం కదూ, ఇంకొంచెం’ అనేది, మా ఆవిడ ‘పుల్, పుల్’ అనేది, నేను ‘ఎత్తు’ అనేవాణ్ని. ఒకే పనికి ఇన్ని పేర్లుంటే ఎవరికైనా టెన్షనే. ‘పైకి’ అని రాసి బీరువా మీద అంటించాం. ఒకసారి అన్నాక మనసులో ఐదు లెక్కపెట్టండి. ఐదు లోపల మళ్లీ అనొద్దు. ఇంగ్లిషులోనే మాట్లాడాలేమో అని కొందరు అడుగుతుంటారు. ఇంట్లో ఏ భాష ఉంటే అదే వాడండి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లలకి మాటలు ఆగిపోవు.

మెచ్చుకోలు వాడికి నచ్చేదై ఉండాలి, వెంటనే అందాలి. మావాడికి చాక్లెట్ అక్కర్లేదు, ఫ్యాన్ కావాలి. నడుం దాకా లాగగానే ఎత్తుకుని రెగ్యులేటర్ ఒక గీత తిప్పనిచ్చేవాళ్లం. మీ పిల్లాడికి నాలుగు మరమరాలు కావచ్చు, సబ్బు బుడగలు కావచ్చు. పని బాగా వచ్చేశాక రెండుసార్లకి ఒకసారి, మూడుసార్లకి ఒకసారి అని తగ్గించుకుంటూ వచ్చాం. ఇప్పుడు నిక్కరయ్యాక బాల్కనీ తలుపు తీస్తే చాలు.

నేర్పేటప్పుడు వస్తువునీ కాస్త మార్చుకోవాలి. ఒక సైజు పెద్ద నిక్కరు, వదులు ఎలాస్టిక్, ముందువైపు నడుం దగ్గర ఎర్రదారంతో నాలుగు కుట్లు. రంగులు నేర్పిన నాలుగు నెలలూ అక్కడ పనికొచ్చాయి. రెండు కాళ్లూ ఒకే రంధ్రంలో దూర్చేసే గొడవ మాకు రెండు వారాలు నడిచింది. నిక్కరుని నేల మీద పరిచి, రెండు రంధ్రాలూ కనబడేలా గుండ్రంగా పెట్టి, చిన్న స్టూలు మీద వాణ్ని కూర్చోబెడితే తీరింది. మిగతా ముక్కలు అంత కష్టపెట్టలేదు.

పదకొండో వారానికి మొత్తం తొమ్మిదీ వచ్చేశాయని సంబరపడి అనకాపల్లిలో మా అత్తగారింటికి వెళితే, అక్కడ అసలు నిక్కరే ముట్టుకోలేదు. స్టూలు లేదు, ఆనుకునే గోడ లేదు. మన ఇంట్లో వచ్చిన పని ఇంకోచోట రాకపోవడం ఈ పిల్లల్లో మామూలే. అందుకని ముందు అదే ఇంట్లో ఇంకో గదిలో, తర్వాత అమ్మ దగ్గర, తర్వాత మామ్మ దగ్గర, తర్వాత బయట చేయించండి. మేం బీచ్‌రోడ్డుకి వెళ్లినప్పుడు తడి నిక్కరు మార్చడం కూడా పాఠమే అనుకున్నాం. ఆర్కే బీచ్‌లో ఆదివారం సాయంత్రం గోల వాడు తట్టుకోలేడు, చెవులు మూసుకుంటాడు. పొద్దున్నే ఆరింటికి వెళతాం.

జ్వరం వచ్చినా, బడి సెలవులు వచ్చినా వచ్చిన పని వెనక్కి పోతుంది. అప్పుడు రెండు ముక్కలు వెనక్కి వెళ్లి సాయం చేయండి, కోప్పడొద్దు. ఏడుస్తున్నప్పుడు, నిద్ర చాలనప్పుడు పాఠం పెట్టకండి. నేను సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, చేసొచ్చిన పొద్దున నేర్పను. ఓపిక లేనిది నాకే.

మాటలు లేని పిల్లాడికి అడగడం కూడా నేర్పాల్సిన పనే. వాడి నీళ్ల సీసా, వాడి చెప్పులు, ఫ్యాన్ ఫోటోలు తీసి ప్రింట్ వేయించి, వెల్‌క్రోతో తలుపుకి అంటించాం. సీసా కనబడేలా, చేతికి అందకుండా పెడతాం. ఫోటో తెచ్చి చేతిలో పెడితే నీళ్లిస్తాం. బొమ్మల మార్పిడితో అడగడం నేర్పే పెక్స్ అనే పద్ధతిని అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ 1985లో తయారుచేశారు. బొమ్మలిస్తే మాటలు రావేమో అని మా ఇంట్లోనూ భయపడ్డారు. అలా జరగదు. మావాడి మొదటి మాట ‘నీళ్లు’ ఫోటో చేతిలో పెడుతూనే వచ్చింది.

ఆరు నెలల్లో నార్మల్ చేసేస్తామన్న ఒక సెంటర్‌కి మేమూ అడ్వాన్స్ కట్టాం, పోగొట్టుకున్నాం. ఆటిజం నయం చేస్తామనేవాళ్ల దగ్గర ఆగకండి. కాగితాల సంగతికొస్తే, 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఉంది. వైకల్యం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు, యూడీఐడీ, చేయించుకోండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, థెరపీకి కూడా అందులో కొంత వస్తుంది. రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల తల్లిదండ్రుల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన శిక్షణ కూడా ఉంది, ఆన్‌లైన్‌లో ఉచితం. రోజువారీ పనుల్లోనే నేర్పమని అందులోనూ చెబుతారు.

గోడకి ఒక లాగ్ బుక్ వేలాడదీసుకోండి. తేదీ, ఎన్నో ముక్క, సాయం ఎంత: చేయి, మోచేయి, మాట, ఏమీ లేదు. అర నిమిషం పని. చాలా రోజులుగా ‘మోచేయి’ దగ్గరే ఉన్నామని నాకు ఆ పుస్తకం చూస్తేనే తెలిసింది.

ఇప్పుడు చొక్కా గుండీలు పట్టుకున్నాం. నా పాత యూనిఫాం చొక్కాకి మా ఆవిడ పెద్ద కోటు గుండీలు కుట్టింది, కాజాలు కాస్త వెడల్పు చేసింది. అన్నిటికన్నా కింది గుండీతో మొదలుపెట్టాం, వాడి కంటికి బాగా కనబడేది అదే. గుండీని కాజాలోకి సగం దాకా నేను తోస్తాను, అవతలి నుంచి వాడు లాగుతాడు. నిన్నటికి నా చేయి మణికట్టు దగ్గరుంది.