హుక్‌అప్‌లు లేని కొండ అడవిలో ఆర్వీ బస: ఏర్పాట్లు, జాగ్రత్తలు

అమెరికాలో 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కింద అరణ్యంగా ప్రకటించిన ప్రాంతాలలోకి మోటారు వాహనాలను అనుమతించరు. కనుక ఆర్వీలో, అంటే పడక, వంటగది ఉన్న ఇల్లులాంటి బండిలో, వెళ్లేవారు నిజానికి బస చేసేది ఆ అరణ్యం అంచున, ఫారెస్ట్ సర్వీస్ వంటి సంస్థలు నిర్వహించే చిన్న క్యాంప్‌గ్రౌండ్లలో. వాటిలో బండి నిలిపే జాగా, బల్ల, మంట వేసుకునే ఇనుప వలయం, ఫ్లష్ లేని మరుగుదొడ్డి ఉంటాయి గాని, కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు (హుక్‌అప్‌లు) ఉండవు. వెంట తెచ్చుకున్న నీరు, బ్యాటరీలో నిల్వ ఉన్న విద్యుత్తు, సిలిండరులోని ప్రొపేన్ గ్యాసు, మురుగు ట్యాంకులో మిగిలిన ఖాళీ అనే నాలుగింటిలో ఏది ముందుగా అయిపోతే అప్పటితో బస ముగిసినట్టే.

అన్నింటికంటే ముందు చూడవలసింది బండి పొడవు. స్థలాన్ని ఫోటోలు చూసి కాక, ఆ స్థలానికీ దారికీ నిర్ణయించిన పొడవు పరిమితిని చూసి ఎంచుకోవాలి. గ్లేసియర్ నేషనల్ పార్కులోని గోయింగ్ టు ది సన్ రోడ్డులో అవలాంచ్, రైజింగ్ సన్ అనే చోట్ల మధ్య భాగంలోకి బంపర్లతో కలిపి 21 అడుగులు దాటిన వాహనాన్ని రానివ్వరు. కాలిఫోర్నియాలోని సెకోయా నేషనల్ పార్కులో మినరల్ కింగ్ ప్రాంతపు క్యాంప్‌గ్రౌండ్లలో ఆర్వీలకు, ట్రెయిలర్లకు అసలే అనుమతి లేదు. సాధారణ కార్ల కోసం తయారైన ఫోన్ మ్యాపు ఇటువంటి నిబంధనలను చెప్పదు కాబట్టి క్యాంప్‌గ్రౌండ్ వారు సూచించిన దారినే అనుసరించి, పైన సిగ్నల్ అందదని భావించి మ్యాపును ముందే ఫోనులో దించుకోవాలి. ఎప్పటికి తిరిగి వస్తారో ఇంటి దగ్గర ఒకరికి చెప్పి బయలుదేరడం అవసరం.

ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. టర్బో లేని పెట్రోలు ఇంజను ప్రతి 300 మీటర్లకు సుమారు 3 శాతం శక్తిని కోల్పోతుంది కాబట్టి 2,500 మీటర్ల ఎత్తులో దాదాపు నాలుగో వంతు బలం తగ్గుతుంది; జనరేటరు పరిస్థితీ అంతే. ఎక్కడం నెమ్మదిగా సాగినా ప్రమాదం లేదు, అసలు జాగ్రత్త దిగేటప్పుడు కావాలి. బ్రేకు మీద కాలు ఎడతెగకుండా ఆనించి ఉంచితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. అందువల్ల వాలు మొదలుకాకముందే తక్కువ గేరులోకి మార్చి, వేగం పెరిగినప్పుడు మాత్రమే గట్టిగా కొద్దిసేపు బ్రేకు వేసి వదలాలి.

చేరిన తరువాత మొదటి పని బండిని సమతలంగా నిలపడం. ప్రొపేనుతో నడిచే ఫ్రిజ్ ఒరిగి ఉంటే సరిగా చల్లబడదు, పైగా చాలాసేపు అలాగే నడిస్తే పాడవుతుంది. పల్లం వైపు చక్రాల కింద లెవెలింగ్ బ్లాకులు పెట్టి ఎక్కించి, ట్రెయిలరైతే లాగే బండి నుంచి విడదీయకముందే చక్రాలకు అడ్డు చెక్కలు బిగించాలి.

చాలామంది తప్పు అంచనా వేసేది విద్యుత్తు విషయంలోనే. ప్రొపేన్ హీటరు గ్యాసుతో వేడినిచ్చినా, ఆ వేడిని లోపలికి తోసే ఫ్యాను బ్యాటరీ మీదే తిరుగుతుంది. అది 7 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే, పది గంటల చలి రాత్రిలో సగం సేపు తిరిగినా 35 ఆంపియర్ అవర్లు (ఆంపియర్లను గంటలతో గుణిస్తే వచ్చే లెక్క) ఖర్చవుతాయి. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో మన్నిక చెడకుండా వాడుకోదగినది సుమారు సగమే కాబట్టి, మిగిలిన 15లోనే దీపాలు, నీటి పంపు, గ్యాస్ హెచ్చరిక యంత్రం నడవాలి. లిథియం బ్యాటరీలో వాడుకోగల భాగం ఎక్కువే గాని, దానిని సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో ఛార్జ్ చేస్తే దెబ్బతింటుంది. సౌర ఫలకాలు ఉన్నవారు చెట్ల నీడ, ఎండ అని రెండు రకాల జాగాలు దొరికినప్పుడు ఎండనే కోరుకోవాలి. మైక్రోవేవ్, కాఫీ యంత్రం ఇంట్లోనే ఉండిపోవడం మంచిది. ఇన్వర్టరు మీద అవి బ్యాటరీ నుంచి ఒక్కసారిగా వంద ఆంపియర్లకు మించి లాగగలవు.

ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కనుక వేసవిలో కూడా మందపాటి రగ్గులు తీసుకెళ్లి, రాత్రి హీటరును తక్కువ స్థాయిలో పెట్టుకుంటే బ్యాటరీ, గ్యాసు రెండూ మిగులుతాయి. వెచ్చదనం కోసం వంట పొయ్యిని వెలిగించి ఉంచకూడదు. దాని నుంచి వెలువడగల విషవాయువు కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు కాబట్టి దానిని పసిగట్టే అలారం పనిచేస్తున్నదో లేదో బయలుదేరే ముందే పరీక్షించుకోవాలి.

నీటి ట్యాంకును నింపుకొని వెళ్లాలి గాని, లీటరుకు కిలో చొప్పున బరువు పెరుగుతుందని గుర్తుంచుకొని, బండి మోయగల పరిమితిని సరిచూసుకోవాలి. మనిషికి రోజుకు 20 లీటర్లు చాలునని నియమం పెట్టుకుంటే 150 లీటర్లతో ఇద్దరికి మూడు రోజులు నిశ్చింతగా గడుస్తాయి. అయితే స్నానం, అంట్ల నీరు చేరే గ్రే ట్యాంకు చాలా బండ్లలో మంచినీటి ట్యాంకు కంటే చిన్నది. అందుకే నీరు ఉండగానే అది నిండిపోతుంది. పళ్లేలను ముందు కాగితంతో తుడిచి కడగడం, ఒళ్లు రుద్దుకునేంతసేపు షవర్ కట్టేయడం, అక్కడి మరుగుదొడ్డినే ఎక్కువగా వాడటం వల్ల గ్రే ట్యాంకుకూ, బండిలోని మరుగుదొడ్డి ట్యాంకుకూ ఊపిరి దొరుకుతుంది.

ఎలుగుబంట్లు తిరిగే చోట ఆహారంతో పాటు సబ్బు, టూత్‌పేస్టు, చెత్త కూడా బయట ఉంచకూడదు. వీటిని దాచడానికి ఇనుప పెట్టె ఇచ్చిన చోట దానినే వాడాలి. వాటికంటే చిన్న శత్రువులూ ఉన్నాయి. మినరల్ కింగ్ ప్రాంతంలో మార్మట్లు అనే లావుపాటి ఉడుతజాతి జంతువులు కార్ల రేడియేటర్ గొట్టాలను, తీగలను కొరికివేయడం వల్ల, సందర్శకులు బండి కింది భాగాన్ని టార్పాలిన్‌తో చుట్టి మరీ నడకకు వెళతారు.

కట్టెలను దూరం నుంచి మోసుకురాకుండా దగ్గరలోనే కొనడం మేలు, ఎందుకంటే చెట్లను చంపే పురుగులు కట్టెలతో పాటు ప్రయాణిస్తాయి. ఎండాకాలంలో మంటలపై నిషేధం అమలులో ఉన్నదేమో బయలుదేరే రోజున మళ్లీ చూసుకోవాలి.

తిరిగి వచ్చేటప్పుడు మురుగును, దాని కోసమే ఏర్పాటు చేసిన డంప్ స్టేషనులోనే ఖాళీ చేయాలి; గ్రే నీరే కదా అని నేల మీద వదలడానికి వీలులేదు. చేతి తొడుగులు వేసుకొని, గొట్టాన్ని గట్టిగా బిగించి, ముందు మరుగుదొడ్డి ట్యాంకును, తరువాత గ్రే ట్యాంకును తెరిస్తే రెండవదాని నీటితో గొట్టం చాలావరకు శుభ్రపడుతుంది. ఆ గొట్టాన్ని కడగడానికి మంచినీటి పైపును వాడకూడదు, దానికి వేరే పైపు ఉంచుకోవాలి.